వెయ్యి చేతుల వెతుకులాట

'ఉలవచారు ఎలా చేయాలి?'

ఆదివారం పొద్దున్నే ఫోనులో ఈ మూడు మాటలు కొట్టి చూడండి. వేలు తీసేలోగా జవాబులు వరసకట్టి నిలబడతాయి. అదే వెతుకులాట ఇంట్లో అయితే? అమ్మ పాత డైరీలో రాసుకున్న కొలతలు దొరకడానికి అరగంట. అటక మీది పుస్తకాల కట్టలు దింపాల్సి వస్తే ఒక పూట. మరి వందల కోట్ల పేజీల్లోంచి మనకు కావాల్సిన పదింటిని ఏరి, అర సెకనైనా పట్టకుండా ఎవరు తెచ్చిపెడుతున్నారు?

ఒకరు కాదు... వెయ్యి మంది!

మన ఒక్క ప్రశ్న కోసం, ఎక్కడో గిడ్డంగిలాంటి భవనంలో వెయ్యికి పైగా కంప్యూటర్లు ఒకేసారి పనిలోకి దిగుతాయి. తలా కాస్తా వెతికి, దొరికింది అప్పజెప్పి, మరో ప్రశ్న అందుకుంటాయి. ఆ వెయ్యింటిలో ఒకటో రెండో సరిగ్గా ఆ క్షణంలోనే చెడిపోయి ఉండొచ్చు. అయినా మనకు తెలియదు. తెలియనివ్వకపోవడమే అసలు విద్య. ఆ విద్య ఒంటబట్టడానికి ముందు గూగుల్ అంతటి సంస్థ దాదాపు మునిగిపోయేంత పనైంది.

అయిదు నెలలనాటి లోకం

అది 2000 మార్చి. కాలిఫోర్నియాలోని గూగుల్ ఆఫీసు. అప్పటికి ఆ సంస్థకు ఇంకా రెండేళ్లు నిండలేదు. మెట్ల పక్కనున్న ఓ గదిలో చెక్క స్టాండ్ల మీద తలుపులు పరిచి, వాటినే బల్లలు చేసుకుని, ఆరుగురు ఇంజినీర్లు కూర్చున్నారు. అందరి ముఖాల్లోనూ నిద్రలేమి.

సమస్య చిన్నది కాదు. ఇంటర్నెట్‌లోని పేజీలన్నీ చదివి వాటికి సూచిక తయారుచేసే వ్యవస్థ అక్టోబరు నుంచీ మొరాయిస్తోంది. పని మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అంతే. బయటివాళ్లకు ఈ సంగతి తెలియదు. వాళ్లు వెతుకుతున్నారు, జవాబులు వస్తున్నాయి. కాకపోతే ఆ జవాబులన్నీ అయిదు నెలల కిందటి లోకానివి. ఆ తర్వాత పుట్టిన పేజీ ఒక్కటీ అందులో లేదు.

అదే సమయంలో సంస్థ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ యాహూతో బేరం మాట్లాడుతున్నారు. యాహూ వాడకందార్లకు వెతికిపెట్టే పని తమకిస్తే, ఇప్పుడున్న దానికి పదింతల సూచిక తయారుచేసి ఇస్తామని మాటిచ్చారు. ఉన్న సూచికే తాజాగా లేదు... పదింతలు ఎక్కడి నుంచి తెస్తారు? తేలేకపోతే బేరం పోతుంది. పెట్టుబడిదారులు 1999లో ఇచ్చిన 2.5 కోట్ల డాలర్లు కరిగిపోతాయి. ఆ తర్వాత గూగుల్ అనే పేరు ఎవరికీ గుర్తుండదు.

నాలుగు రోజులు, నాలుగు రాత్రులు ప్రోగ్రామును జల్లెడ పట్టారు. తప్పు దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలియాలంటే, ముందు ఈ వెతుకులాట ఎలా నడుస్తుందో చూడాలి.

పుస్తకం చివరి పేజీలు

పెద్ద పెద్ద పాఠ్యపుస్తకాల చివర కొన్ని పేజీలుంటాయి. 'కాకతీయులు - 41, 87, 112' అన్నట్టుగా, ఏ మాట ఏయే పేజీల్లో ఉందో అక్షరక్రమంలో చెప్పే జాబితా అది. సెర్చ్ ఇంజిన్ గుండెకాయ అదే. మనం ఎంటర్ నొక్కాక అది ఇంటర్నెట్ అంతా తిరగదు. ముందే తిరిగి వచ్చి రాసిపెట్టుకున్న ఆ జాబితాను మాత్రమే తిప్పుతుంది.

'ఉలవచారు' అనే మాట ఉన్న పేజీల వరస ఒకటి. 'చేయాలి' అనే మాట ఉన్న పేజీల వరస ఇంకోటి. రెండు వరసల్లోనూ ఉన్నవాటిని ఏరితే మనకు కావాల్సినవి మిగులుతాయి. వాటిలో ఏది మేలైందో లెక్కగట్టి పైన పెట్టడం తర్వాతి పని.

వినడానికి ఇంతే. చేయడం దగ్గరే చిక్కు. లారీ, సెర్గీలు 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు రాసిన పరిశోధన పత్రం ప్రకారం వాళ్ల మొదటి సూచికలో 2.4 కోట్ల పేజీలున్నాయి. కుదించకముందు ఆ పేజీల బరువు దాదాపు 148 గిగాబైట్లు. ఇవాళ అరచేతిలోని ఫోనులో పట్టేంత! అప్పట్లో మాత్రం దాన్ని దాచడానికి పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో పెట్టె కట్టి, అందులో పది హార్డ్‌డిస్కులు బిగించారు. ఆ ఇటుకల పెట్టె ఇప్పటికీ స్టాన్‌ఫర్డ్‌లో భద్రంగా ఉంది.

పేజీలు చదవడానికి పంపే ప్రోగ్రామును 'క్రాలర్' అంటారు. అది మొదటిసారి లోకం మీద పడ్డప్పుడు తమాషాలు జరిగాయి. 'మా సైటులో చాలా పేజీలు చూశారే, ఎలా ఉంది' అని కొందరు ఆప్యాయంగా ఉత్తరాలు రాశారట. చదువుతున్నది మనిషి కాదని వాళ్లకు తెలియదు మరి!

జిల్లా ఫస్టు ఎవరు?

పేజీలు కోట్లలోంచి వందల కోట్లకు పెరిగాయి. ఎంత పెద్ద కంప్యూటరు కొన్నా సూచిక మొత్తం ఒక్కదాంట్లో పట్టదు. పట్టినా, లక్షల మంది ఒకేసారి అడిగితే ఒక్కటే జవాబు చెప్పలేదు. కాబట్టి పంచాలి. ఎలా?

దారులు రెండు. మొదటిది, మాటల్ని పంచడం. 'అ'తో మొదలయ్యే మాటలు ఒక కంప్యూటరుకు, 'క'తో మొదలయ్యేవి ఇంకోదానికి... ఇలా. చూడ్డానికి బాగుంది. కానీ 'ఉలవచారు' జాబితా ఒక కంప్యూటరులో, 'చేయాలి' జాబితా మరోదానిలో ఉంటే రెంటినీ పోల్చేదెట్లా? 'చేయాలి' లాంటి మాట కోట్ల పేజీల్లో ఉంటుంది. అంత పొడుగు జాబితాను ప్రతి ప్రశ్నకూ తీగల మీద మోయాలి. దారి కిక్కిరిసిపోతుంది.

రెండోది, పేజీల్ని పంచడం. తలా కొన్ని లక్షల పేజీలు. ఎవరి పేజీలకు వాళ్లే పూర్తి సూచిక రాసుకోవాలి. గూగుల్ ఎంచుకున్నది ఈ దారే.

దీన్ని మనకు తెలిసిన లెక్కలో చూద్దాం. పదో తరగతిలో జిల్లా మొత్తమ్మీద మొదటి పది ర్యాంకులు ఎవరివో తేల్చాలి. జిల్లాలోని పిల్లలందరి మార్కుల కాగితాలూ ఒకచోట పోసి ఏరక్కర్లేదు. ప్రతి బడీ తన మొదటి పదిమంది పేర్లు పంపితే చాలు. ఆ పేర్లలోంచి పై పదిమందిని తీస్తే అదే జవాబు. తన బడిలోనే మొదటి పదిలో లేని పిల్లాడు జిల్లా మొదటి పదిలోకి ఎలాగూ రాలేడు కదా!

సెర్చ్ ఇంజిన్ చేసేదీ ఇదే. ప్రశ్నను అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి చాటింపు వేస్తుంది. ప్రతిదీ తన దగ్గరున్న పేజీల్లో మేలైన పదింటిని పంపుతుంది. పైనున్న కంప్యూటరు వాటిని కలిపి, వడగట్టి మనకిస్తుంది. తీగల మీద నడిచేది పొడుగు జాబితాలు కాదు, పదేసి పేర్లు మాత్రమే.

ముక్కలెన్ని... నకళ్లెన్ని?

ఇలాంటి వ్యవస్థ కట్టేవాళ్లు ముందుగా కాగితం మీద ఓ లెక్క వేసుకుంటారు. మనమూ వేద్దాం.

మన దగ్గర 100 కోట్ల పేజీలున్నాయనుకోండి. ఒక్కో కంప్యూటరు 50 లక్షల పేజీల సూచిక మోయగలదు. అంటే 200 ముక్కలు చేయాలి. వీటిని ఇంజినీర్లు 'షార్డ్'లంటారు. 200 కంప్యూటర్లు ఒక వరసలో నిలబడితే సూచిక మొత్తం ఒకసారి అమిరినట్టు.

ఈ వరస సెకనుకు 50 ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. కానీ రద్దీ వేళ సెకనుకు 400 ప్రశ్నలొస్తాయి. అప్పుడు అచ్చం ఇలాంటివే ఎనిమిది వరసలు కావాలి. చెడిపోయేవాటికి, రిపేర్లకు మరో రెండు కలుపుకొంటే పది. మొత్తం 2,000 కంప్యూటర్లు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. పేజీలు పెరిగితే ముక్కలు పెంచాలి. అడిగేవాళ్లు పెరిగితే నకళ్లు పెంచాలి. వంటకాలు ఎక్కువైతే పొయ్యిలు పెంచుతాం, అతిథులు ఎక్కువైతే పంక్తులు పెంచుతాం... అలాగన్నమాట. ఒకదానికి బదులు ఇంకోటి పెంచితే డబ్బు ఖర్చవుతుంది, పని కాదు.

ఇంకో మాట. సగటును నమ్ముకుంటే మునుగుతాం. ఏడాది పొడవునా ఎంతమంది ఎక్కుతారో సగటు కట్టి బస్సులు వేస్తే, సంక్రాంతి ముందురోజు బస్టాండు ఎలా ఉంటుంది? ఇక్కడా అంతే. రద్దీని బట్టే లెక్క వేసుకోవాలి.

చౌక సరుకుతో కోట

లెక్క కుదిరింది. మరి వేల కంప్యూటర్లకు డబ్బు? ఆ రోజుల్లో పెద్ద సంస్థలు పెద్ద సర్వర్లు కొనేవి. వాటి ధర ఎక్కువ, చెడిపోవడం తక్కువ. గూగుల్ చేతిలో అంత డబ్బులేదు. ఇళ్లలో వాడే మామూలు కంప్యూటర్ల భాగాలు కొని, డబ్బాలు కూడా లేకుండా వరసగా పేర్చింది. 1999లో అమర్చిన అలాంటి ఓ బీరువా కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఒక్కో పళ్లెంలో నాలుగు మదర్‌బోర్డులు. అవి లోహానికి తగిలి షార్ట్‌సర్క్యూట్ కాకుండా కింద బెండు అట్ట పరిచారు. అలాంటి బీరువాలు సుమారు ముప్పై ఉండేవి.

చౌక సరుకు చెడిపోతుంది. ఒక కంప్యూటరు మూడేళ్లకోసారి మొరాయిస్తుందనుకోండి. ఇంట్లో అయితే అది పెద్ద లెక్క కాదు. మూడేళ్లంటే దాదాపు వెయ్యి రోజులు. అంటే వెయ్యి కంప్యూటర్లున్న చోట రోజుకొకటి పోతుంది. పదివేలున్న చోట రోజుకు పది!

అందుకే వీళ్లు చెడిపోని యంత్రాల కోసం వెతకలేదు. చెడిపోయినా ఆగని ప్రోగ్రాములు రాయాలనుకున్నారు. ఒక కంప్యూటరు పోతే, దాని నకలు ఆ పని అందుకుంటుంది. 2003లో గూగుల్ ఇంజినీర్లు ప్రచురించిన వ్యాసం నాటికి ఇలాంటి మామూలు కంప్యూటర్లు 15,000కు పైగా చేరాయి.

అయితే... కంప్యూటరు ఆగిపోతే తెలుస్తుంది. ఆగకుండా అబద్ధం చెబితే?

'కుడి' కాస్తా 'గుడి' అయితే

మళ్లీ ఆ మెట్ల పక్క గదికి వద్దాం. ఆ ఆరుగురిలో ఇద్దరు జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్. సంజయ్ మన రాజస్థాన్‌లోని కోటాలో పెరిగినవాడు. ఇద్దరూ అంతకుముందు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన వేర్వేరు పరిశోధనశాలల్లో పనిచేసేవాళ్లు. ఒకే కంప్యూటరు ముందు పక్కపక్కన కూర్చుని, ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు చెబుతూ ప్రోగ్రాము రాయడం వాళ్ల అలవాటు.

అయిదో రోజు వాళ్లకో అనుమానం వచ్చింది. తప్పు మనం రాసిన ప్రోగ్రాములో లేదేమో... యంత్రంలోనే ఉందేమో! సూచికలో మాటల వరస ఎక్కడెక్కడ తప్పిందో చూశారు. ఆ భాగాన్ని ఇక విడదీయడానికి వీల్లేనంత మొదటి రూపంలోకి, సున్నాలు ఒకట్లలోకి మార్చి, తెర మీద వరసలు వరసలుగా పరిచి చూశారు. దొరికింది. సున్నా ఉండాల్సిన చోట ఒకటి ఉంది!

మెమరీ చిప్పుల్లో రాసిన అంకె దానంతటదే తిరగబడిపోతోంది. ఇది ఎంత ప్రమాదమో మన అక్షరాల్లో చూద్దాం. కంప్యూటర్లు తెలుగును దాచుకునే యూనికోడ్ పద్ధతిలో 'క'కు, 'గ'కు మధ్య తేడా ఒకే ఒక్క సున్నా. అది ఒకటిగా మారితే 'కుడి' కాస్తా 'గుడి' అవుతుంది. 'కాలి' కాస్తా 'గాలి' అవుతుంది. కంప్యూటరు ఆగదు, కేక పెట్టదు. తప్పును నిజమనుకుని ముందుకు పోతుంది. అక్షరక్రమంలో ఉండాల్సిన జాబితాలో 'క' స్థానంలో 'గ' వచ్చి కూర్చుంటే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి పనులన్నీ తడబడతాయి.

ఇలాంటి తప్పును పట్టుకునే మెమరీ చిప్పులు అప్పటికే ఉన్నాయి. వాటి ధర ఎక్కువని గూగుల్ కొనలేదు. చౌక బేరం చేసిన చేటు అది. ఒక కంప్యూటరులో ఇలాంటి తప్పు ఎప్పుడో గానీ జరగదు. వేల కంప్యూటర్లు నెలల తరబడి నడిచేచోట జరక్కుండా ఉండదు. గూగుల్ కంప్యూటర్ల మీదే జరిపి 2009లో ప్రచురించిన ఓ అధ్యయనంలో, మెమరీ పలకల్లో నూటికి ఎనిమిదికి పైగా ఏడాదిలో ఒక్కసారైనా తప్పు చేశాయని తేలింది.

జెఫ్, సంజయ్ ఆ చెడ్డ యంత్రాల తప్పులను కాచుకునేలా ప్రోగ్రాము రాశారు. ఆగిపోయిన పని కదిలింది. కొద్దికాలానికే కొత్త సూచిక పూర్తయింది. 2000 జూన్ 26న యాహూ తన వెతుకులాట పనిని గూగుల్‌కు అప్పజెబుతున్నట్టు ప్రకటన వచ్చింది. సూచిక 100 కోట్ల పేజీలు దాటిందని గూగుల్ చెప్పింది కూడా అదే రోజు. అందులో 56 కోట్ల పేజీలు పూర్తిగా చదివినవి.

ఆ దెబ్బతో నేర్చుకున్న పాఠం పెద్దది. డిస్కును నమ్మొద్దు, మెమరీని నమ్మొద్దు, రాసింది రాసినట్టుగా ఉందో లేదో ప్రతి దశలోనూ సరిచూసుకోవాలి. 2003లో సంజయ్ బృందం బయటపెట్టిన గూగుల్ ఫైల్ సిస్టమ్‌లో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. అది ఫైళ్లను 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మూడేసి చోట్ల దాస్తుంది. చదివిన ప్రతిసారీ చెడిపోలేదు కదా అని లెక్క చూసుకుంటుంది. 2004లో ఇద్దరూ కలిసి ప్రకటించిన 'మ్యాప్‌రెడ్యూస్' పద్ధతి ఎన్నికల లెక్కింపులాంటిది. బల్ల బల్లకూ కొన్ని పెట్టెలిచ్చి, ఎవరి లెక్క వాళ్లు కట్టాక, ఆ మొత్తాలను కలపడం. మధ్యలో ఒక బల్ల పడిపోతే, ఆ పెట్టెలు ఇంకో బల్లకు ఇస్తారు. లెక్కింపు మొత్తం మొదటికి రాదు.

నూటికి అరవై మూడు

2001 ప్రాంతంలో ఇంకో మలుపు. నకళ్లు పెంచుకుంటూ పోగా, అన్ని కంప్యూటర్ల మెమరీ కలిపితే సూచిక మొత్తం అందులోనే పట్టేస్తుందని తేలింది. తిరిగే డిస్కులో ఒకచోటికి వెళ్లి చదవడానికి దాదాపు సెకనులో నూరోవంతు పడుతుంది. మెమరీలో అయితే దానికి లక్షోవంతు చాలు. సూచికను డిస్కులోంచి మెమరీకి ఎక్కించేశారు. వేగం పెరిగింది. కానీ ఒక్కో ప్రశ్నకు పదుల కంప్యూటర్లు కదిలేచోట వెయ్యికి పైగా కదలాల్సి వచ్చింది. దాంతో కొత్త చిక్కులు మొదలయ్యాయి.

ఒకటి, 'ప్రాణాంతక ప్రశ్న'. ప్రోగ్రాములో ఎక్కడో నక్కి ఉన్న లోపాన్ని తట్టిలేపే ప్రశ్న వస్తే, దాన్ని అందుకున్న వెయ్యి కంప్యూటర్లూ ఒకేసారి కుప్పకూలతాయి. మందు? పూర్వం బొగ్గుగనుల్లో విషవాయువును పసిగట్టడానికి ముందుగా పిట్టను తీసుకెళ్లేవారు. అలాగే ప్రశ్నను ముందు ఒకటి రెండు కంప్యూటర్లకే పంపుతారు. అవి బతికి బట్టకడితేనే మిగతావాటికి.

రెండోది, ఆలస్యం. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన వ్యాసంలో ఓ లెక్క ఉంది. ఒక కంప్యూటరు నూటికి తొంభై తొమ్మిదిసార్లు చకచకా జవాబిస్తుంది. ఒక్కసారి మాత్రం సెకను దాటుతుంది. మంచిదేగా అనిపిస్తుంది. కానీ ఒక ప్రశ్నకు వంద కంప్యూటర్ల జవాబులూ కావాలంటే? వందలో ఏదో ఒకటి నత్తనడక నడిచినా అందరూ దానికోసం ఆగాలి. లెక్క కడితే నూటికి 63 ప్రశ్నలు సెకను దాటుతాయి! పెళ్లివారి బస్సు బయల్దేరేది ఆఖరి మనిషి ఎక్కాకే కదా. అందుకని కొద్దిసేపు చూసి, జవాబు రాకపోతే అదే ప్రశ్నను నకలున్న ఇంకో కంప్యూటరుకూ పంపుతారు. ఎవరు ముందు చెబితే వాళ్లదే జవాబు.

పదింతలకు ప్లాను... నూరింతలకు పలుగు

ఇదంతా ముందే ఊహించి కట్టిందా? కాదు. 2009లో ఓ సదస్సులో జెఫ్ డీన్ చెప్పిన లెక్కల ప్రకారం, 1999 నుంచి ఆ పదేళ్లలో రోజువారీ ప్రశ్నలు వెయ్యింతలయ్యాయి. పేజీలు సుమారు నూరింతలయ్యాయి. కొత్త పేజీ సూచికలోకి చేరడానికి నెలలు పట్టేది కాస్తా నిమిషాలకు వచ్చింది. ఈ పదేళ్లలో వ్యవస్థను ఏడుసార్లు గట్టిగా మార్చారు.

ఆ అనుభవంతో ఆయన చెప్పిన సూత్రం ఇంజినీర్లకే కాదు, ఇల్లు కట్టుకునేవాళ్లకూ పనికొస్తుంది. ఇప్పుడున్న దానికి పదింతలు పెరిగినా తట్టుకునేలా కట్టండి. నూరింతలకు చేరేలోగా మాత్రం పడగొట్టి కొత్తగా కట్టడానికి సిద్ధపడండి. నూరింతలకు ఇప్పుడే కట్టాలనుకుంటే డబ్బూ కాలమూ దండగ. ఎందుకంటే అప్పటికి యంత్రాల ధరలు, వేగాలు ఎలా మారతాయో ఇవాళ తెలియదు. మెమరీ ఇంత చౌక అవుతుందని డిస్కుల కాలంలో కట్టినవాళ్లకు తెలియనట్టే!

ఆవిడ వంటల కోసం

గూగుల్ తన ప్రోగ్రాములను బయటికి ఇవ్వలేదు. వ్యాసాలు మాత్రం ప్రచురించింది. వాటిని చదివి సొంతంగా రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చినవాళ్లు వేరే ఉన్నారు. అమెరికా ఇంజినీరు డగ్ కటింగ్ 1999లో 'లూసీన్' అనే సూచిక ప్రోగ్రాము రాశాడు. అది ఆయన భార్య పేరులోని ఓ భాగం. గూగుల్ వ్యాసాల స్ఫూర్తితో తర్వాత తయారుచేసిన 'హడూప్'కు తన కొడుకు ఆడుకునే పసుపురంగు ఏనుగు బొమ్మ పేరు పెట్టాడు.

ఇజ్రాయెల్‌కు చెందిన షే బానన్ కథ ఇంకా ముచ్చటైంది. ఆయన భార్య వంట చదువు కోసం లండన్ వెళ్లింది. వెంట వెళ్లిన షేకు అప్పుడు ఉద్యోగం లేదు. ఆవిడ వంటకాలను వెతుక్కోవడానికి ఓ ప్రోగ్రాము రాసిద్దామని లూసీన్‌తో కుస్తీపట్టడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి, అనేక కంప్యూటర్ల మీద పంచి వెతికే 'ఎలాస్టిక్‌సెర్చ్'గా 2010లో బయటికొచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఎన్నో సంస్థలు తమ సరుకుల్నీ పత్రాల్నీ వెతకడానికి వాడుతున్నది దీన్నే. వంటల ప్రోగ్రాము మాత్రం ఆవిడకు ఇంకా అందలేదని ఎలాస్టిక్‌సెర్చ్ గురించి పుస్తకం రాసినవాళ్లు సరదాగా రాశారు!

దీంట్లోనూ ప్లాను తప్పితే తంటానే. ఏ పత్రం ఏ ముక్కలోకి వెళ్లాలో భాగహారంలోని శేషం చెబుతుంది. పత్రం నంబరు 17 అనుకోండి. అయిదు ముక్కలుంటే, 17ని అయిదుతో భాగిస్తే శేషం 2. రెండో ముక్కలో పెడతారు. రేపు ముక్కలు ఆరు చేస్తే? శేషం 5. కంప్యూటరు అయిదో ముక్కలో వెతికి, లేదంటుంది. అంటే దాదాపు అన్ని పత్రాలనూ కొత్తచోటికి మార్చాలి. అందుకే ముక్కలెన్నో మొదట్లోనే తేల్చుకోమంటారు. మరీ పెద్ద ముక్క అయితే, చెడినప్పుడు నకలు తీయడానికి గంటలు పడుతుంది. మరీ చిన్నవి వేలకొద్దీ అయితే, వాటిని కాచుకోవడానికే శక్తంతా పోతుంది. ఒక్కో ముక్క 10 నుంచి 50 గిగాబైట్ల మధ్య ఉంటే మేలని దాని తయారీదారుల సలహా.

మన మాట దొరకాలంటే...

ఇన్ని యంత్రాలున్నా తెలుగులో వెతికినప్పుడు కొన్నిసార్లు కళ్లముందున్నదే దొరకదు. కారణం మన భాష అందంలోనే ఉంది. 'ఇల్లు' అని వెతికితే 'ఇంట్లో', 'ఇంటికి', 'ఇళ్లు' ఉన్న పేజీలూ రావాలి. అక్షరాలను మాత్రమే చూసే సూచికకు అవి వేర్వేరు మాటలు. 'వచ్చింది', 'రాలేదు', 'రావాలి' ఒకే క్రియ రూపాలని దానికి నేర్పాలి. 'రామాలయం'లో ఆలయం ఉందని చెప్పాలి. పైగా ఒకరు 'వాళ్లు' అని రాస్తారు, ఇంకొకరు 'వాళ్ళు' అంటారు. రెండూ ఒకటేనని సూచిక రాసేటప్పుడే కలపకపోతే, సగం పేజీలు మనకు అందకుండా పోతాయి.

2000ల మొదట్లో ఇంతకన్నా పెద్ద అగడ్త ఉండేది. తెలుగు దినపత్రికల సైట్లు ఎవరి సొంత ఫాంటు వాళ్లు వాడేవి. తెర మీద మనకు చక్కటి తెలుగు కనిపించేది. క్రాలర్‌కు మాత్రం అర్థంలేని గుర్తుల వరస కనిపించేది. పేజీలు ఉన్నాయి... కానీ వెతికితే లేవు. సైట్లు యూనికోడ్‌కు మారాకే ఆ తెలుగంతా సూచికల్లోకి చేరింది.

ఈసారి ఫోనులో నాలుగు మాటలు కొట్టి, జవాబు రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే విసుక్కోకండి. ఎక్కడో వెయ్యి కంప్యూటర్లలో ఒకటి తడబడి ఉంటుంది. దాని పని ఈపాటికి పక్కది అందుకునే ఉంటుంది. చెడిపోయేవాటితోనే చెడిపోనిదాన్ని కట్టొచ్చని తలుపుల బల్లల మీద తెల్లవార్లూ కూర్చుని నేర్చుకున్నవాళ్ల చలవ అది. ఉలవచారు సంగతంటారా... కొలతలు ఎన్ని పేజీల్లో దొరికినా, కాచాల్సింది మాత్రం మనమే!